తమ్ముడి పేరు పక్కన తప్ప నా పేరు ఎక్కడుంది?

ఈసారి ఉత్తరం 41 ఏళ్ల పాఠకురాలి నుంచి వచ్చింది. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 19 ఏళ్లప్పుడు తల్లి చనిపోయారు. తండ్రి అంతకుముందే లేరు. తమ్ముడికి అప్పుడు పదేళ్లు. డిగ్రీ రెండో సంవత్సరంలో చదువు ఆపేసి ఒక ఆఫీసులో లెక్కలు రాసే పనిలో చేరారు. ఇప్పటికీ అదే పని. పెళ్లి సంగతి కూడా వాడు స్థిరపడ్డాక చూద్దాంలే అనుకున్నారు. చూడలేదు. తమ్ముడు మెడిసిన్ చదివాడు, సర్జరీలో పీజీ చేశాడు, ఆ పైన ఇంకో పెద్ద కోర్సులో చేరాడు. సంఘంలో ఈమెను పేరుతో పిలిచేవాళ్లు తగ్గిపోయారు. 'డాక్టరు గారి అక్క' అయ్యారు. ఏటా కృతజ్ఞతా కూడికలో లేచి సాక్ష్యం చెప్పేవారు: "దేవుడు మా తమ్ముణ్ణి తలగా నియమించాడు, తోకగా కాదు." వినేవాళ్లు కళ్లు తుడుచుకునేవారు.

నాలుగు నెలల క్రితం మరదలు ఫోన్లో మాటల మధ్య అనేసిన ఒక ముక్కతో ఈమెకు తెలిసింది: తమ్ముడు ఆ కోర్సు మధ్యలోనే మానేశాడు. అప్పటికే ఆరు నెలలు దాటింది. ఒక చిన్న క్లినిక్కులో "జ్వరాలూ దగ్గులూ చూసుకుంటున్నాడు" (ఇవి ఆమె మాటలే). పాస్టరు గారికి కూడా ముందే చెప్పాడట. ఈమెకు చెప్పలేదు. వెళ్లి నిలదీస్తే గొడవైంది. చివరికి తమ్ముడు అన్న మాట ఇది: "అక్కా, నా జీవితం నీ సాక్ష్యం కాదు." ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడి చదువు కోసం తీసుకున్న అప్పు వాయిదాలు మాత్రం ఇప్పటికీ ఈమె జీతంలోంచే వెళ్తున్నాయి.

"నాకు సిగ్గుగా ఉన్నది ఏమిటంటే, వాడు మానేశాడని తెలియగానే 'పాపం, వాడికేమైందో' అని నాకు అనిపించలేదు. 'ఇప్పుడు సంఘంలో నేనేం చెప్పాలి' అనిపించింది. మొన్న ఒక స్నేహితురాలు వాళ్లమ్మాయికి సీటొచ్చిందని ప్రార్థన చేయమంది. మాటలు రాలేదు, గొంతు నొప్పి అని చెప్పి తప్పించుకున్నాను. రాత్రులు నిద్ర లేదు. వచ్చే నెల కృతజ్ఞతా కూడిక. నా పేరు అప్పుడే జాబితాలో వేశారు. నేను దేవుని బిడ్డనని చిన్నప్పటి నుంచీ అంటున్నాను, ఆ మాట నోట్లోనే ఉండిపోయింది, లోపలికి దిగలేదు. 'క్రీస్తులో నీ గుర్తింపు' అంటారు కదా, అంటే ఏమిటి? దయచేసి వాక్యాలు రాసి పంపకండి, నాకవన్నీ కంఠతా వచ్చు. ఎలా బతకాలో చెప్పండి."

అమ్మా,

ఉత్తరం చివర సంతకం చోట 'ఒక డాక్టరు అక్క' అని రాసి, 'డాక్టరు' కొట్టేసి, మళ్లీ దానిపైనే రాశారు. మీరు గమనించారో లేదో. నేను మాత్రం ఆ కొట్టివేత దగ్గర చాలాసేపు ఆగాను.

మీరు మూడు సంగతులను కలిపి ఒకే ముడి వేశారు. తమ్ముడి కోసం మీరు పడిన కష్టం ఒకటి, తమ్ముడి గెలుపు ఒకటి, దేవుడి ముందు మీరెవరన్నది ఇంకొకటి. వాడు కోర్సు మానేసేసరికి మూడూ ఒక్కసారే కూలిపోయాయని మీకు అనిపిస్తోంది. కూలింది మధ్యలోది. అది కూడా ఎంత కూలిందో నాకు అనుమానమే. జ్వరంతో వచ్చినవాడికి మందిచ్చి పంపే డాక్టరు ఓడిపోయినవాడని నేననుకోను. జ్వరం వచ్చినవాడు అసలే అనుకోడు.

కష్టం సంగతి ముందు చూద్దాం. వాక్యాలు వద్దన్నారు, ఒక్కదానికి మాత్రం క్షమించాలి. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు ప్రతివాడూ తాను చేసే పనిని పరీక్షించి చూసుకోవాలంటాడు, అప్పుడు 'ఇతరునిబట్టి కాక తననుబట్టియే' అతిశయం కలుగుతుందంటాడు. దీన్ని మనం ఎప్పుడూ అసూయపడేవాళ్లకు చెప్తాం. పక్కవాడి కంటే నేను మెరుగని మురిసిపోయేవాళ్లకు చెప్తాం. కానీ ఆ 'ఇతరుడు' మన సొంతవాడే అయినా ఆ మాట తగులుతుంది. తమ్ముడి పట్టా మీ అతిశయం కాదు. అలాగే వాడు పట్టా వదిలేస్తే అది మీ అవమానమూ కాదు. మరి మీ పని ఏది? 19 ఏళ్ల పిల్ల, తల్లిని పోగొట్టుకున్న పిల్ల, పదేళ్లవాణ్ణి వదిలి వెళ్లకపోవడం. అదీ మీ పని. ఆ పని పూర్తయింది. ఆ పిల్లవాడు సర్జనైనా, క్లినిక్కులో కూర్చున్నా, రేపు వైద్యమే మానేసినా, పదేళ్లప్పుడు వాడికి ఒక ఇల్లుంది, అందులో ఒక అక్క ఉంది. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. వాడు కూడా తీసుకోలేడు.

ఇక్కడితో ఆపితే మీకు హాయిగా ఉంటుంది, కానీ నేను సగమే చెప్పినట్టవుతుంది.

ఉత్తరం రెండో పేజీలో, వాడికి మెడికల్ సీటొచ్చిన రోజు 'నా ఆగిపోయిన డిగ్రీ చేతికొచ్చినట్టయింది' అని రాశారు. అప్పటికి వాడికి 18 ఏళ్లు ఉంటాయేమో. అక్కడి నుంచి వాడు మోసింది ఒకరి పుస్తకాలు కావు, ఇద్దరివి. మీరు వాణ్ణి ఒక్కనాడూ దెప్పలేదన్నారు, నమ్ముతాను. కానీ దెప్పని త్యాగం ఒక్కోసారి దెప్పినదానికంటే బరువు. ఎదురు చెప్పడానికి కూడా ఏమీ దొరకదు. ఏటా వందమంది ముందు మీరు వాడి గురించి కన్నీళ్లతో చెప్తుంటే, అక్కడే ఎక్కడో వెనక వరసలో కూర్చున్న ఆ కుర్రవాడికి 'నేను ఓడిపోతే అక్క సాక్ష్యం ఏమవుతుంది' అని భయమేసి ఉండదా? ఆరు నెలలు మీకు చెప్పలేకపోయాడంటే, మీ మీద ప్రేమ లేక అని నాకనిపించలేదు. చెబితే మీరు ఎవరూ కాకుండా పోతారని వాడికి తెలుసు. అంత బరువు పట్టుకొని తిరగడం ఏ తమ్ముడికైనా కష్టమే.

దీన్ని తీర్పులా తీసుకోకండి. నా సంగతి కూడా చెప్పేస్తాను. చాలా ఏళ్ల కిందట మా అబ్బాయి ఒక పరీక్ష తప్పాడు. మూడు రోజులు మోకాళ్ల మీద ఉన్నాను. మూడో రోజు సాయంత్రం నా ప్రార్థన నాకే వినిపించింది: 'ప్రభువా, ఆదివారం ఎవరూ నన్ను అడగకుండా చూడు.' వాడి కోసం ఒక్క మాట కూడా అడగలేదు. పక్కగదిలో వాడు గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. మీరు సిగ్గుపడుతున్న ఆ మొదటి ఆలోచన ఉందే, దానికి నేనూ పాతకాపునే.

ఇతరుల గెలుపు చూసి సంతోషించకూడదా అని మీకు సందేహం రావచ్చు. సంతోషించేవాళ్లతో సంతోషించమనే రోమా పత్రిక చెప్తోంది. ఎదుటివారితో కలిసి సంతోషించడం వేరు, వాళ్ల సంతోషం మీద బతకడం వేరు. తేడా వాళ్లు గెలిచినప్పుడు కనిపించదు, రెండూ ఒకేలా ఉంటాయి. వాళ్లు ఓడినప్పుడు ఎవరి కోసం ఏడుస్తామన్నదాంట్లో బయటపడుతుంది. అది మీరే కనిపెట్టి రాశారు. సగం మంది ఆ సంగతిని జీవితాంతం ఒప్పుకోరు.

ఇంత రాశాక నాకు మోషే అక్క మిర్యాము గుర్తొచ్చింది. మన ఆడవాళ్ల కూడికల్లో ఆమె గురించి ఒక్క కుష్ఠు కథే చెప్తారు. మీరు నాకోసం మొత్తం కథ ఒకసారి చూడండి.

నిర్గమకాండం 2వ అధ్యాయంలో ఏటి ఒడ్డున పసి తమ్ముడున్న జమ్ముపెట్టెను కనిపెడుతూ ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. ఆమెకు అక్కడ పేరు లేదు. 'వాని అక్క', అంతే. ఫరో కుమార్తె దగ్గరికి ధైర్యంగా వెళ్లి, పాలిచ్చే మనిషిని పిలుచుకు రానా అని అడిగి, సొంత తల్లినే తీసుకొచ్చిన తెలివి ఆమెది. ఆ అక్క మిర్యామేనని మనం చదువుకుంటున్నాం. తమ్ముడు అంతఃపురంలో పెరిగాడు. 80 ఏళ్ల వయసులో ఫరో ముందు నిలబడ్డాడు. సముద్రం దాటాక 15వ అధ్యాయంలో ఆమెకు పేరొచ్చింది, 'ప్రవక్త్రి' అన్న మాటా వచ్చింది. తంబుర పట్టుకొని స్త్రీలందరినీ నడిపించింది.

అక్కడితో బాగుపడిందా? లేదు. సంఖ్యాకాండం 12వ అధ్యాయంలో ఆమె, ఇంకో తమ్ముడు అహరోను కలిసి మోషే మీద సణగడం మొదలుపెట్టారు. మొదట ఎత్తుకున్నది మరదలి మాట, అతడు కూషు దేశపు స్త్రీని పెళ్లి చేసుకున్నాడని. రెండో వాక్యానికే అసలుది బయటపడింది: యెహోవా మోషేతో మాత్రమే మాట్లాడాడా, మాతోనూ మాట్లాడలేదా? ఏటి ఒడ్డున తమ్ముణ్ణి కాపాడిన అక్కే ఈ మాటన్నది. నాకు ఈ చోట ఆమె మీద కోపం రాదు. వాడు బతికి ఉన్నదే నా వల్ల కదా అన్న లెక్క ఆమె మనసులో ఎన్నేళ్లుగా ఉందో! ఆ లెక్క ఎప్పటికీ తీరదు, ఎందుకంటే ఎదుటివాడు దాన్ని ఏ రూపంలో కట్టినా చాలదు.

ఆ తర్వాతి సంగతే మనం వదిలేస్తాం. ఆ సణుగుకు శిక్షగా కుష్ఠు వచ్చి ఆమె ఏడు రోజులు పాళెం బయట ఉండాల్సి వచ్చింది. ఆమె కోసం మొరపెట్టింది ఆ తమ్ముడే. ఆమె తిరిగి లోపలికి వచ్చేదాకా జనం కదలలేదు. సంఖ్యాకాండం లెక్క ప్రకారం యుద్ధానికి వెళ్లగల పురుషులే 6,03,550 మంది ఉన్న జనం, ప్రయాణం ఆపుకొని ఒక ఆడమనిషి కోసం కనిపెట్టుకుని ఉంది. అప్పుడు ఆమె చేతిలో తంబుర లేదు, పాట లేదు, పదవి లేదు. ఎందుకు ఆగారో వచనం వివరించదు. ఏమీ లేని వారంలో కూడా ఆమె లెక్కలో ఉందని నేను చదువుకుంటాను.

ఇంకొక చోట కూడా ఆమె పేరుంది. వందల ఏళ్ల తర్వాత మీకా ప్రవక్త 6వ అధ్యాయంలో, మిమ్మల్ని నడిపించడానికి మోషేను, అహరోనును, మిర్యామును పంపించానని దేవుడంటాడు. 'మోషేను, వాని అక్కను' అనలేదు. ముగ్గురినీ పంపినవాడు ఒక్కడే. ఆమె పేరు పక్కన తమ్ముళ్ల పేర్లున్నాయి, కానీ ఆ పేరు వాళ్ల నుంచి రాలేదు.

మీరు 'క్రీస్తులో గుర్తింపు అంటే ఏమిటి' అని అడిగారు. నాకు అర్థమైనంతలో ఇది ఒక వరస సంగతి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది. మత్తయి 3వ అధ్యాయంలో యేసు బాప్తిస్మం పొంది నీళ్లలోంచి బయటికి రాగానే, 'ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను' అన్న స్వరం వినిపించింది. అప్పటికి మత్తయి సువార్తలో ఆయన ఒక్క రోగిని బాగుచేసినట్టు లేదు, ఒక్క ప్రసంగం చేసినట్టు లేదు. పని తర్వాత మొదలైంది. ఆనందం ముందే ఉంది. మన ఇళ్లలో, కొలువుల్లో, నిజం చెప్పాలంటే సంఘాల్లో కూడా వరస దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు చూపించు, తర్వాత ఆనందిస్తాం. క్రీస్తులో ఉండడమంటే ఆయనకు వినిపించిన ఆ మాట ఆయన ద్వారా మీకూ చెల్లుతుందని ఒప్పుకోవడం. ఒప్పుకోవడం అంటున్నాను, సంపాదించడం కాదు.

ఆ తర్వాతి అధ్యాయంలోనే శోధకుడు వచ్చి 'నీవు దేవుని కుమారుడవైతే' అంటాడు. ఈ రాళ్లను రొట్టెలు చేసి చూపించు అంటాడు. ఋజువు అడుగుతున్నాడు. యేసు ఋజువు ఇవ్వలేదు. ఆదివారం ఎవరైనా 'తమ్ముడెలా ఉన్నాడు?' అని మామూలుగా అడిగినా మీకు అది ఋజువు అడిగినట్టే వినిపిస్తోంది. అడిగినవాళ్లకు పాపం ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు. 'బాగున్నాడు, మీరు వాడికే ఫోన్ చేయండి, సంతోషిస్తాడు' అంటే చాలు. అబద్ధం లేదు, రాయి రొట్టె కానక్కర్లేదు.

ఒక మాట సంఘం గురించి కూడా. తలగా నియమిస్తాడు, తోకగా నియమించడు అన్న మాట ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోది. ఆజ్ఞలు గైకొంటే అన్న షరతుతో ఒక జనాంగానికి చెప్పిన మాట అది. మనం దాన్ని ర్యాంకు కార్డు మీద అంటించుకున్నాం. సీటొచ్చినవాళ్లకే మైకు ఇస్తాం. సీటు రానివాడు కూడా అదే దేవుణ్ణి నమ్మి ఆ వెనకే కూర్చుని ఉంటాడు. మీ కష్టంలో మీ వాటా ఎంతో, ఈ అలవాటు వాటా కూడా అంతే ఉంది. అందుకని తప్పంతా మీ నెత్తిన వేసుకోకండి.

సరే, ఏం చేయవచ్చో చూద్దాం. తమ్ముడి దగ్గర మొదలుపెడతాను.

మళ్లీ కోర్సులో చేరమని ఒప్పించాలని మీకు ఇంకా లోపల ఉంది, ఉత్తరంలో రెండు చోట్ల కనిపించింది. ప్రయత్నించవచ్చు. వాడు ఒప్పుకుంటే మీ కోసం ఒప్పుకుంటాడు, ఈసారి కష్టం వచ్చినప్పుడు ఇంకా లోతుగా దాస్తాడు. ఒప్పుకోకపోతే ఇప్పుడున్న గోడ ఇంకో రెండు అడుగులు లేస్తుంది. నాకైతే ఈ దారి నచ్చలేదు. మాట్లాడకుండా ఊరుకోవడం ఇంకో దారి, కొన్ని నెలల్లో ఎవరిదో పెళ్లిలోనో చావులోనో కలుస్తారు, ఏమీ జరగనట్టు మాట్లాడుకుంటారు. చాలా కుటుంబాలు అలా నడుస్తున్నాయి. కానీ ఆ ఒక్క వాక్యం మీ ఇద్దరి మధ్య అలాగే ఉండిపోతుంది.

మూడోది, వెళ్లి మాట్లాడడం. మీరూ వాడూ ఇద్దరే. మరదలినీ పాస్టరు గారినీ మధ్యలో పెట్టవద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడమని మత్తయి 18లో ఉన్నది మనుషుల పరువు ఎరిగి చెప్పిన మాట. రెండు సంగతులు చెప్పాలి, ఒకే రోజు కాకపోయినా ఫరవాలేదు. ఒకటి: 'నీ చదువుకు నా పేరు తగిలించాను, అది నీకు బరువైంది, క్షమించు.' దీని వెనక 'కానీ' అని మొదలుపెట్టకూడదు. రెండోది: 'అందరికీ చెప్పి నాకు చెప్పకపోవడం నన్ను చాలా బాధపెట్టింది.' ఇది కూడా నిజమే. దాన్ని మింగేస్తే మళ్లీ త్యాగం ఖాతాలో ఇంకో పద్దు చేరుతుంది. ఎందుకు మానేశావని మాత్రం ఆ రోజు అడగకండి. అడగకపోతే వాడే చెప్తాడని నా ఆశ. చెప్పకపోవచ్చు కూడా. వాడు కరిగిపోయి ఏడుస్తాడని, 'అక్కా నువ్వే నాకు అమ్మవి' అంటాడని ఊహించుకొని వెళ్లారంటే, అది మళ్లీ వాడి నుంచి ఏదో తెచ్చుకోవడానికి వెళ్లడమే. 'సరేలే అక్కా' అని టీవీ వైపు తిరిగినా తట్టుకొని వెనక్కి రాగలనన్న రోజున వెళ్లండి.

అప్పు సంగతి దీంతో కలపవద్దు. లెక్కలు రాసే మనిషి మీరు, మీకు నేను చెప్పాలా? మీరు పెంచినందుకు వాడు మీకేమీ బాకీ లేడు, కానీ బ్యాంకు బాకీ బాకీయే. వాడిప్పుడు సంపాదిస్తున్నాడు. ఇంకోసారి కూర్చొని, ఎంత మిగిలింది, ఇక మీద ఎవరు ఎంత కడతారు అని కాగితం మీద రాసుకోండి. మీరే మొత్తం కట్టాలనుకుంటే అదీ మీ ఇష్టమే, అయితే ప్రతి నెలా వాయిదా పోయినప్పుడు మీ మనసులో ఏ మాట మెదులుతోందో చూసుకోండి. చేదుగా ఉంటే మొత్తం మీరే కట్టకపోవడమే ఇద్దరికీ మంచిది.

కృతజ్ఞతా కూడిక. పేరు తీయించేసుకుంటే ఎవరైనా ఎందుకని అడుగుతారు, రెండు వారాలు గుసగుసలు ఉంటాయి, పోతాయి. పాత సాక్ష్యమే మళ్లీ చెప్తే ఆ రోజు గడుస్తుంది, కానీ అది అబద్ధమని మీకు తెలుసు, వాడికీ తెలుసు. లేచి జరిగినదంతా చెప్పేయాలన్న ఆవేశం కూడా రావచ్చు, దానికి మాత్రం నేను గట్టిగా వద్దంటాను. వాడు కోర్సు మానేసిన సంగతి వాడిది. దాన్ని కూడా మీరే మైకులో చెప్పేస్తే వాడన్న మాట నిజం చేసినట్టే. చెప్పాలనే ఉంటే మీది చెప్పండి: 'ఇరవై రెండేళ్లు నన్ను ఒంటరిగా వదలని దేవుడు' అని, ఆ ఏళ్లలో మీకు జరిగిన ఒక్క సంఘటన. వాడి పేరు రాకుండా. అలాంటి సంఘటన వెంటనే గుర్తు రాకపోతే ఈ ఏడాదికి మానేయడమే మేలు. వెతకడానికి ఏడాది టైముంది.

సండే స్కూల్ పిల్లలకు చెప్పమని మిమ్మల్ని అడిగారని, డిగ్రీ దూరవిద్యలో పూర్తిచేయాలని కూడా ఆలోచన ఉందని రాశారు. రెండూ మంచివే, రెండింటికీ నేను ఇప్పుడే తలూపను. తమ్ముడి పట్టా తీసేసిన ఖాళీలో 'టీచరమ్మ' అన్న పేరునో, మీ సొంత పట్టానో తెచ్చి పెడితే గోడ మీద ఫొటో మారుతుంది, మేకు అదే. ఆ పాఠాలంటే ఇష్టమా, ఆ సబ్జెక్టు రాత్రిపూట తెరిచి చదవాలనిపిస్తోందా అని చూడండి. ఎవరికీ చెప్పకుండా ఒక పుస్తకం తెప్పించుకొని మూడు నెలలు చదవండి. అప్పటికీ ఆసక్తి ఉంటే ఫీజు కట్టండి. 41 ఏళ్లకు ఉద్యోగంతో పాటు చదువంటే అలసట ఉంటుంది, ఒక్కోసారి తప్పుతారు కూడా. తప్పినా ఫరవాలేదనిపించే చదువైతే తప్పకుండా చదవండి.

నమ్మకం లోపలికి దిగడం గురించి ఒక చిన్న పని చెప్తాను. రోజూ పది నిమిషాలు, ప్రార్థనలో తమ్ముడి పేరు రాకుండా కూర్చోండి. మీ ప్రార్థనంతా వాడి చుట్టూనే తిరుగుతుందని మీరే రాశారు. వాడి పేరు తీసేస్తే మొదట్లో మాటలుండవు. భయం వేస్తుంది. తర్వాత బహుశా కోపం వస్తుంది, ఆగిపోయిన డిగ్రీ మీద, పోయిన పెళ్లీడు మీద, తొందరపడి వెళ్లిపోయిన అమ్మ మీద, దేవుడి మీద. రానివ్వండి. 13వ కీర్తన 'ఎన్నాళ్లు' అని నిలదీస్తూనే మొదలవుతుంది, అదీ ప్రార్థనే. మీరు ఇన్నేళ్లూ కృతజ్ఞతే చెప్పారు, దుఃఖం ఒక్కసారీ చెప్పలేదు. 131వ కీర్తనలో పాలు మాన్పించిన బిడ్డ తల్లి దగ్గర ఉన్నట్టు అన్న పోలిక ఉంది. పాలు తాగే బిడ్డ ఏదో కావాలని తల్లి దగ్గరికి వస్తుంది. మాన్పించిన బిడ్డ ఊరికే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. మాన్పించేటప్పుడు ఆ బిడ్డ ఎంత ఏడుస్తుందో కీర్తన చెప్పదు గానీ, ఇంట్లో చంటిపిల్లల్ని చూసిన ఎవరికైనా తెలుసు.

ఒక్కరోజులో అయిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆదికాండంలో యాకోబు భార్య లేయాను చూడండి, ఒక్కో కొడుకు పుట్టినప్పుడూ ఇక నా భర్త నన్ను ప్రేమిస్తాడని పేర్లు పెట్టింది. నాలుగోవాడికి యూదా అని పెట్టి 'ఈసారి యెహోవాను స్తుతిస్తాను' అంది. మన ప్రసంగాలు అక్కడ ఆగిపోతాయి. తర్వాతి అధ్యాయంలో ఆరోవాడు పుట్టగానే మళ్లీ భర్త మాటే ఎత్తింది. మీరు కూడా ఒక ఆదివారం తేలికపడి, తర్వాతి ఆదివారం ఎవరి కొడుకు సంగతో విని మళ్లీ కుంగిపోతారు. కుంగినంత మాత్రాన యూదా అని పెట్టిన పేరు అబద్ధమైపోలేదు.

స్నేహితురాలితో మీ అసూయ ఒప్పుకోవాల్సిన పని లేదు, ఆమె సంతోషం మీద నీళ్లెందుకు చల్లడం. ఆమె కూతురి పేరు చెప్పి పరలోక ప్రార్థన ఒక్కసారి చదవండి. సొంత మాటలు రానప్పుడు అరువు మాటలు చాలు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. నాలుగు నెలలంటే ఎక్కువే. డాక్టరుకు చూపించుకోండి, తమ్ముడికి కాదు, వేరే ఎవరికైనా. అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ఉపదేశం చేయలేదు. తినమన్నాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. మీకు కూడా బతకాలనిపించని రాత్రి ఏదైనా వస్తే తెల్లారేదాకా ఆగకుండా నమ్మకమైన ఒక మనిషికి ఫోన్ చేయండి. ఆ మనిషి ఎవరో ఈ రోజే అనుకొని నంబరు రాసి పెట్టుకోండి.

వీటిలో అన్నిటికంటే ముందు తేల్చాల్సింది కూడిక సంగతే, ఎందుకంటే దానికి తేదీ ఉంది. పాస్టరు గారికి ఈ వారమే ఒక మాట చెప్పండి, 'ఈసారి నేను చెప్పను, కారణం తర్వాత మాట్లాడతాను' అని. ఆయనకు సగం తెలుసు కాబట్టి బలవంతం చేయరనుకుంటాను. ఆ ఆదివారం వెళ్లండి మాత్రం. వెనక వరసలో కూర్చోండి. తమ్ముడు ఇన్నేళ్లూ ఎక్కడ కూర్చున్నాడో అక్కడి నుంచి సాక్ష్యాలు ఎలా వినిపిస్తాయో ఒకసారి వినండి.